మొగ్గలేసే పిల్లకి మైదానం ఏది?

హాస్టల్ వార్షికోత్సవ సంచికకి ఏదైనా రాసి పంపమని చెల్లెళ్ళు ఫోన్ చేశారు. "కవిత అయినా సరే, వ్యాసం అయినా సరే అక్కా, కానీ పాతది వద్దు" అన్నారు. కవితలు రాయడం మా వల్ల కాదు. అందుకని చాలాకాలంగా మనసులో ఉన్న ఒక మాటను ఇక్కడ రాస్తున్నాం.

ఇందులో 'మేం' అంటే ఒక్కరం కాదు. పలాస, టెక్కలి, ఉద్దానం ఊళ్ళ నుంచి రేకు పెట్టె, దుప్పటి, కంచం, గ్లాసు పట్టుకొని ఈ గేటు లోపలికి వచ్చినవాళ్ళం. మా ఇళ్ళలో డిగ్రీ పట్టా చూసిన మొదటివాళ్ళం. ఇప్పుడు ఎచ్చెర్లలో పీజీ చదువుతున్నాం. వయసు ఇరవై మూడు. హాస్టల్ మాకు అన్నం పెట్టింది, చదువు పెట్టింది. ఆ కృతజ్ఞత ఉంది కాబట్టే ఒక లోటు గురించి కూడా మాట్లాడే హక్కు ఉందనుకుంటున్నాం.

మా బ్యాచ్‌లో ఒక అమ్మాయి ఉండేది. పేరు రాయడం లేదు, ఆమెకి ఇష్టం ఉండదు. ఉద్దానం పిల్ల. ఇసుక నేలలో, జీడి చెట్ల కింద పెరిగింది. సాయంత్రం బడి నుంచి రాగానే పుస్తకాల సంచీ విసిరేసి హాస్టల్ వెనక ఇసుక కుప్ప మీద వరసగా పిల్లిమొగ్గలు వేసేది. నిలబడి వెనక్కి వంగి రెండు చేతులూ నేలకి ఆనించేది. చేతుల మీద నడిచేది. మేం చుట్టూ చేరి చప్పట్లు కొట్టేవాళ్ళం, నవ్వేవాళ్ళం. ఏడో తరగతి దాకా అలా సాగింది.

పెద్దమనిషి అయ్యాక ఆ ఆట ఆగిపోయింది. "ఏటే ఆ గంతులు? ఆడపిల్లవి కావా?" అని ఇంటి దగ్గర పెద్దవాళ్ళు అన్నారు. హాస్టల్లో కూడా అలాంటి మాటలే వినిపించాయి. నిజం చెప్పాలంటే మేం కూడా అన్నాం. "చున్నీ సరిగా వేసుకోవే" అని మందలించింది మాలో ఒకరే. ఒకసారి ఆ అమ్మాయి మమ్మల్ని అడిగింది, "టీవీలో సూపించారు కదే, అది నేర్పేవోలు ఎక్కడుంటారు?" అని. మాకు తెలియదు. తెలుసుకుందాం అని కూడా అనిపించలేదు.

పది పాసైన ఏడాదే పెళ్ళయింది. ఇప్పుడు పలాసలో జీడిపప్పు పనికి వెళ్తోంది. మొన్న సంక్రాంతికి కాశీబుగ్గ బజారులో కలిసింది. జీడి నూనె తగిలి వేళ్ళు నల్లబడ్డాయి. పక్కన ఐదేళ్ళ కూతురు. మేం మాట్లాడుకుంటూ ఉండగానే ఆ గుంట దుకాణం ముందు వాలుగా ఉన్న సిమెంటు చప్టా మీద ఒక మొగ్గ వేసింది. తల్లి తిట్టలేదు. మా వైపు చూసి, "ఇప్పుడైనా తెలిసిందేటి, నేర్పేవోలు ఎక్కడున్నారో?" అంది.

ఆ ప్రశ్నకి జవాబు వెతకడానికే ఈ వ్యాసం.

మన తెలుగు పిల్లల్లో ఆ ఆటలో పేరు తెచ్చుకున్నవాళ్ళు ఉన్నారు. బుద్దా అరుణారెడ్డి ఊరు హైదరాబాదు. పుట్టింది 1995 డిసెంబరు 25న. చిన్నప్పుడు ముందు కరాటేలో చేరింది. ఒళ్ళు ఎటు కావాలంటే అటు వంగుతోందని గమనించి జిమ్నాస్టిక్స్ వైపు మళ్ళించారు. లాల్ బహదూర్ స్టేడియంలో సాధన చేసింది. 2010లో తండ్రి చనిపోయారు. తనని ఆట దగ్గరికి నడిపించిన మనిషి లేకుండా పోయినా ఆమె ఆట మానలేదు.

2018 ఫిబ్రవరి 24న ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌లో ప్రపంచ కప్ పోటీలు. వాల్ట్ ఫైనల్. వాల్ట్ అంటే తెలియని చెల్లెళ్ళ కోసం చెబుతాం. ఇరవై ఐదు మీటర్ల లోపు దూరం నుంచి పరిగెత్తి వచ్చి, స్ప్రింగు బల్ల మీద ఎగిరి, నాలుగడుగుల పైన ఎత్తున్న మరో బల్లని చేతులతో తన్ని, గాలిలో తిరిగి, అవతల రెండు కాళ్ళ మీద కదలకుండా నిలబడాలి. మొత్తం కొన్ని సెకన్ల పని. ఫైనల్లో రెండుసార్లు చేయాలి, రెండింటి సగటు లెక్క. ఆ రోజు అరుణకి వచ్చినవి 13.649 పాయింట్లు, కాంస్య పతకం. వెండి పతకం గెలిచిన ఆస్ట్రేలియా అమ్మాయికి 13.699. తేడా ఎంతో చూడండి, పాయింటులో ఇరవయ్యో వంతు! జిమ్నాస్టిక్స్ ప్రపంచ కప్‌లో వ్యక్తిగత పతకం గెలిచిన మొదటి భారతీయురాలు మన తెలుగమ్మాయి. తర్వాత మోకాలు దెబ్బతిని శస్త్రచికిత్స అయింది. అంతటితో అయిపోయిందనుకున్నారు చాలామంది. 2021లో ఈజిప్టు రాజధాని కైరోలో జరిగిన ఫారోస్ కప్ పోటీల్లో రెండు బంగారు పతకాలు తెచ్చింది.

రిబ్బను, చక్రం, బంతి పట్టుకొని సంగీతానికి తగ్గట్టు చేసే ఇంకో రకం ఉంది, రిథమిక్ జిమ్నాస్టిక్స్ అంటారు. మా స్నేహితురాలు టీవీలో చూసింది అదే. అందులోనూ హైదరాబాదు అమ్మాయి గుండ్లపల్లి మేఘనారెడ్డి 2018 కామన్వెల్త్ క్రీడల్లో మన దేశం తరఫున పోటీ చేసింది.

ఇవి చదివి "అబ్బ, ఎంత గొప్పవాళ్ళో!" అని సంచిక మూసేస్తే మాకు తృప్తి లేదు. విజేతల కథలు హాస్టల్ గోడల మీద చాలానే అంటిస్తాం. "కృషి ఉంటే మనుషులు ఋషులవుతారు" అనే ధోరణిలో వాటిని చెప్పుకుంటాం. కృషి ఒక్కటే చాలితే మా స్నేహితురాలు ఇవాళ జీడిపప్పు తొక్క తీస్తూ ఉండదు. ఆమె కృషిలో లోటు మేం చూడలేదు. అరుణకి ఉన్నవి, ఈ పిల్లకి లేనివి ఏమిటో ఒక్కొక్కటిగా లెక్కపెట్టాలి. ఐదారేళ్ళ వయసులో గుర్తుపట్టిన కన్ను. పడినా దెబ్బ తగలని మెత్తటి పరుపులున్న హాలు. రోజూ వచ్చే కోచ్. "వెళ్ళిరా" అని పంపిన ఇల్లు. ఈ నాలుగూ ఉన్నచోట కృషి ఫలించింది.

జిమ్నాస్టిక్స్‌లో ఇంకో చిక్కు ఉంది. అది చాలా చిన్న వయసులో మొదలు కావాలి. హాస్టల్‌కి వచ్చేసరికే మనలో చాలామందికి ఆ వయసు దాటిపోతుంది. కాబట్టి హాస్టల్ పిల్లలంతా రేపటి నుంచి జిమ్నాస్టులు కావాలని మేం చెప్పడం లేదు. అలా చెబితే మోసం. కానీ అన్ని ఆటల తలుపులూ ఒకే వయసులో మూసుకుపోవు.

దీనికి సాక్ష్యం కోసం హైదరాబాదు దాకా పోనక్కరలేదు. మన జిల్లాలోనే ఉంది. కరణం మల్లేశ్వరి గారిది ఆమదాలవలస దగ్గర ఊసవానిపేట. పన్నెండేళ్ళ వయసులో బరువులెత్తడం మొదలుపెట్టారు. తండ్రి రైల్వే రక్షక దళంలో కానిస్టేబుల్. మొదటి గురువు నీలంశెట్టి అప్పన్న గారు. 1994, 1995 సంవత్సరాల్లో ప్రపంచ ఛాంపియన్. 2000 సెప్టెంబరు 19న సిడ్నీ ఒలింపిక్స్‌లో 69 కిలోల విభాగంలో స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం గెలిచారు. ఒలింపిక్ పతకం గెలిచిన మొదటి భారత మహిళ మన శ్రీకాకుళం ఆడపడుచు! బంగారం, వెండి గెలిచిన ఇద్దరూ ఎత్తింది 242.5 కిలోలే. ఆఖరి ప్రయత్నంలో ఆమె 137.5 కిలోలకి వెళ్ళారు. అది నిలిచి ఉంటే బంగారమే. నిలవలేదు. అయినా ఆ రోజు ఆమె చేసిన సాహసం చిన్నదా?

ఆ పోటీలకి ముందు ఆమె ఒళ్ళు చేసిందని, వెళ్ళడం దండగని పత్రికల్లో రాశారు. ఆడపిల్ల ఒంటి గురించి ఊళ్ళో అమ్మలక్కలే కాదు, ఢిల్లీ పత్రికలు కూడా మాట్లాడతాయన్నమాట. ఆమె జవాబు బరువులతో చెప్పారు. 2021లో ఢిల్లీ క్రీడా విశ్వవిద్యాలయానికి మొదటి వైస్ ఛాన్సలర్ అయ్యారు.

సంక్షేమ వసతి చదువుల నుంచి కూడా సాక్ష్యం ఉంది. సాంఘిక సంక్షేమ గురుకులంలో చదువుకున్న నిజామాబాదు జిల్లా పిల్ల మాలావత్ పూర్ణ 2014 మే 25న ఎవరెస్టు ఎక్కింది. అప్పటికి ఆమె వయసు పదమూడేళ్ళ పదకొండు నెలలు. తోడుగా ఎక్కిన ఆనంద్ కుమార్ కూడా గురుకులం విద్యార్థే. విశాఖపట్నం అమ్మాయి జ్యోతి యర్రాజి తండ్రి సెక్యూరిటీ గార్డు. ఆమె 2023లో బ్యాంకాక్‌లో జరిగిన ఆసియా అథ్లెటిక్స్ పోటీల్లో వంద మీటర్ల హర్డిల్స్ బంగారం గెలిచి, 2024లో పారిస్ ఒలింపిక్స్‌లో పరుగెత్తింది.

ఇక్కడ ఒక తేడా గమనించాలి. గురుకులం వేరు, మన హాస్టల్ వేరు. గురుకులంలో బడి, వసతి ఒకే ఆవరణలో ఉంటాయి. ఆటల మాస్టారు కూడా అక్కడే ఉంటారు. మనం పడుకునేది హాస్టల్లో, చదివేది బయట జిల్లా పరిషత్ బడిలో. బడి విద్యాశాఖది, హాస్టల్ సంక్షేమ శాఖది. సాయంత్రం నాలుగున్నరకి బడి వదులుతారు. పీఈటీ మాస్టారి పని అక్కడితో అయిపోతుంది. ఆరింటికి స్టడీ అవర్. మధ్యలో ఉన్న గంటన్నర ఎవరిది? బడిది కాదు. హాస్టల్ రిజిస్టర్లోనూ దానికి గడి లేదు. ఆ గంటన్నరలోనే మా స్నేహితురాలు మొగ్గలు వేసేది. ఎవరికీ చెందని సమయంలో ఆడింది కాబట్టే ఆ పిల్ల కూడా ఎవరి కంటా పడలేదు. ఇందులో ఒక వార్డెన్‌ని, ఒక మాస్టారిని తప్పుపట్టి లాభం లేదు. ఏర్పాటులోనే సందు ఉంది. ఆ సందులోంచి పిల్లలు జారిపోతున్నారు.

ఇప్పుడు ఎదురు మాటలకి వద్దాం. ఇవి మేం కూడా నమ్మిన మాటలే.

మొదటిది, "మనకి చదువే దిక్కు, ఆటలు ఉన్నోళ్ళకి." ఈ మాటలో బాధ ఉంది, దాన్ని కొట్టిపారేయలేం. ఉద్దానంలో కిడ్నీ జబ్బుతో మంచం పట్టిన నాన్నలున్న ఇళ్ళ నుంచి వచ్చాం. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను ఒక్క రాత్రిలో కొబ్బరి, జీడి తోటల్ని పడగొట్టేసింది. జీడి చెట్టు మళ్ళీ కాపుకి రావాలంటే ఏళ్ళు పడుతుంది. అలాంటి ఇంట్లో పెద్ద కూతురు "నేను ఆటలకి పోతాను" అంటే ఎవరు సరే అంటారు? మేం కూడా అందుకే పుస్తకం వదలలేదు. పట్టా వచ్చింది. దానికి విచారం లేదు. కానీ రోజుకి ఒక గంట ఆడితే పట్టా రాకుండా పోయేదా? మా బ్యాచ్‌లో పది తప్పినవాళ్ళు ఆటలాడి తప్పలేదు. ఆటలాడిన పిల్ల మంచి మార్కులతోనే పాసైంది. చదువా, ఆటా అని రెండింటిలో ఒకటి కోరుకోమనడమే తప్పు ప్రశ్న.

రెండోది, "ఆ బట్టలేంటి, ఆడపిల్లలు అలాంటివి వేసుకుంటారా?" ఊళ్ళో ఇది పెద్ద అడ్డంకి, కాదనలేం. దానికీ దారి ఉంది. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో జర్మనీ జిమ్నాస్టు అమ్మాయిలు చీలమండల దాకా కాళ్ళు కప్పే బట్టలతోనే పోటీ చేశారు. నిబంధనలు దాన్ని ఒప్పుకుంటాయి. అంత పెద్ద దేశం అమ్మాయిలే మాకిది హాయిగా ఉందని వేసుకున్నప్పుడు, మన పిల్లలు ట్రాక్ ప్యాంటు, టీషర్టు వేసుకొని హాస్టల్ ఆవరణలో సాధన చేస్తే వచ్చిన నష్టమేమిటి?

మూడోది, "ఇక్కడ స్టేడియం లేదు, ఏం చేస్తాం?" నిజమే. వాల్ట్ బల్ల చూడాలంటే పలాసలో ఫలక్‌నుమా ఎక్కి మర్నాడు సికింద్రాబాదులో దిగాలి. కానీ త్రిపుర రాష్ట్రం అగర్తలా నుంచి వచ్చిన దీపా కర్మాకర్ కూడా అన్నీ అమిరిన చోట పుట్టలేదు. గురువు బిశ్వేశ్వర్ నందీ గారు తొలిరోజుల్లో పాత స్కూటర్ విడిభాగాలతో బల్ల తయారుచేయించి నేర్పారు. 2016 రియో ఒలింపిక్స్ వాల్ట్‌లో ఆమె నాలుగో స్థానంలో నిలిచింది. పతకం 0.15 పాయింట్ల తేడాతో తప్పింది. అక్కడ ముందు వచ్చింది స్టేడియం కాదు, గురువు.

ఈ మాట దగ్గర ఒక దూర దేశం సంగతి చెప్పాలి. యూరప్‌లో బల్గేరియా అని చిన్న దేశం. 2021 లెక్కల్లో జనాభా 65 లక్షలు. మన తెలుగు రాష్ట్రాల్లో ఏ ఒక్కదానికీ సరిరాదు. కానీ రిథమిక్ జిమ్నాస్టిక్స్ అంటే ప్రపంచం ఆ దేశం వైపు చూస్తుంది. మారియా గిగోవా అనే అమ్మాయి 1969, 1971, 1973లలో ప్రపంచ ఛాంపియన్ అయింది. తర్వాత ఊరుకోలేదు, శిక్షణలోకి, సమాఖ్య బాధ్యతల్లోకి వచ్చింది. నెష్కా రొబేవా అనే మరో క్రీడాకారిణి ఆట మానేశాక కోచ్ అయి, ఒక తరం ఛాంపియన్లని తయారుచేసింది. ఆ వరస తెగలేదు. టోక్యోలో బల్గేరియా జట్టు ఒలింపిక్ బంగారం గెలిచింది. 2024 పారిస్‌లో బొర్యానా కలేన్ వ్యక్తిగత విభాగంలో వెండి గెలిచింది. ఒక్క పిల్ల ప్రతిభతో ఇది జరగదు. గెలిచినవాళ్ళు వెనక్కి వచ్చి చిన్నవాళ్ళకి నేర్పితే జరుగుతుంది.

పూర్వ విద్యార్థులారా, ఇక్కడే మన తప్పు ఉంది. హాస్టల్ గేటు దాటాక మనలో ఎంతమందిమి వెనక్కి వచ్చాం? వార్షికోత్సవానికి వస్తాం. శాలువా కప్పుకుంటాం. "మా రోజుల్లో ఇంత నీళ్ళ సాంబారు కాదు" అని నవ్విస్తాం. భోజనం చేసి బస్సు ఎక్కుతాం. కానిస్టేబుల్ అయినవాళ్ళు ఉన్నారు. వాళ్ళు పరుగు పరీక్ష ఎలా నెగ్గారో చెల్లెళ్ళకి చెప్పారా? పీఈటీ శిక్షణ చదివినవాళ్ళు ఉన్నారు. ఒక్క ఆదివారం వచ్చారా? మేం కూడా రాలేదు. అందుకే ఈ ప్రశ్న ముందు మాకే వేసుకుంటున్నాం.

మేం అడుగుతున్నవి పెద్ద కోరికలు కావు.

సాయంత్రం నాలుగున్నర నుంచి ఆరు దాకా ఉన్న సమయంలో ఒక గంటని ఆటల గంటగా హాస్టల్ టైం టేబుల్లో రాయించాలి. కాగితం మీద ఉంటే అడగడానికి ఉంటుంది. బడి పీఈటీ గారు వారానికి రెండు రోజులైనా ఆ గంట చూసేలా రెండు శాఖల అధికారులకీ ఒకే అర్జీ పెట్టాలి. హాస్టల్లో చేరిన ప్రతి పిల్లకీ ఏడాదికి ఒకసారి పరుగు, దూకుడు, ఒంటి వంపు చూసి రాసి ఉంచాలి. బాగా చేసినవాళ్ళని జిల్లా ఎంపికలకీ, క్రీడా పాఠశాలల ఎంపికలకీ సమయానికి పంపాలి. మా స్నేహితురాలి విషయంలో జరగనిది ఇదే. రక్తం తక్కువ ఉన్న పిల్లలకి ముందు మందు, గుడ్డు అందాలి. ఖాళీ కడుపుతో ఏ ఆటా రాదు.

ఇంకో మాట గట్టిగా చెబుతున్నాం. నేర్పేవాళ్ళు లేకుండా ప్రహరీ గోడ మీంచి వెనక్కి మొగ్గలు వేయకండి. మెడ విరిగితే జీవితం పోతుంది. ముందు గురువు, తర్వాత గంతు.

అడిగితే వస్తుందా అంటారు. ఉద్దానం కిడ్నీ జబ్బు గురించి ఎన్నేళ్ళు అడిగారు! ఎంతమంది అడిగారు! 2023 డిసెంబరులో పలాసలో రెండు వందల పడకల కిడ్నీ ఆసుపత్రి తెరిచారు. చాలామంది ప్రాణాలు పోయాక వచ్చింది, ఆ మాట నిజం. కానీ అడగకపోతే అది కూడా వచ్చేది కాదు. ఆసుపత్రి కోసం అడిగిన గొంతుతో మైదానం కోసం కూడా అడగవచ్చు. జబ్బు వచ్చాక మంచం అడిగాం. ఒళ్ళు బాగున్నప్పుడు ఆడుకోవడానికి చోటు అడగడం తప్పవుతుందా?

మా వంతుగా ఒక పని మొదలుపెట్టాం. ఎచ్చెర్లలో చదువుతున్న మన హాస్టల్ వాళ్ళం ఐదుగురం ఉన్నాం. నెలకి ఒక ఆదివారం వస్తాం. మాకు జిమ్నాస్టిక్స్ రాదు. కానీ గడియారం పట్టుకొని పరుగు లెక్క రాయడం వచ్చు, అర్జీ రాయడం వచ్చు, ఎంపికలు ఎప్పుడో కనుక్కోవడం వచ్చు. ఆ రోజు మా స్నేహితురాలు అడిగినప్పుడు ఇంతమాత్రం చేసినా చాలేది. ఆమె కూతురికి ఇప్పుడు ఐదేళ్ళు. అరుణ లాంటివాళ్ళు మొదలుపెట్టే వయసు. విశాఖలోనో, ఇంకెక్కడో నేర్పేవాళ్ళ వివరాలు కనుక్కొని ఈ వేసవి సెలవుల్లోపు ఆ తల్లికి చెబుతామని మాట ఇచ్చాం. ఆ గుంట పతకం తెస్తుందో లేదో మాకు తెలియదు. కనీసం "నేర్పేవోలు ఎక్కడుంటారు?" అనే ప్రశ్న ఆ ఇంట్లో మూడో తరానికి వెళ్ళకూడదు.

చెల్లెళ్ళారా, తమ్ముళ్ళారా! మీ గదిలో మొగ్గలేసే పిల్ల ఉంటే నవ్వకండి. చప్పట్లు కొట్టి ఊరుకోకండి కూడా. ఆమె పేరు ఒక కాగితం మీద రాసి వార్డెన్ గారికి ఇవ్వండి, మాకూ ఒకటి పంపండి.